లౌడన్ కౌంటీ: సిరిగల చోట అరకడుపు బతుకులు

వాషింగ్టన్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే చివరి స్టేషన్ యాష్‌బర్న్. డల్లెస్ విమానాశ్రయం దాటాక రైలు పట్టాలకు అటూ ఇటూ కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలు కనిపిస్తాయి. అవన్నీ డేటా సెంటర్లు. వర్జీనియా రాష్ట్రంలోని ఈ లౌడన్ కౌంటీలో అలాంటివి దాదాపు 200 ఉన్నాయి. ఒకేచోట ఇన్ని ఉన్న ప్రాంతం ప్రపంచంలో ఇంకోటి లేదు. వాటిని దాటితే కొత్తగా కట్టిన ఇళ్ల వరుసలు, స్కూళ్లు, సాకర్ మైదానాలు. ఇంకా పడమటికి వెళితే మిడిల్‌బర్గ్ వైపు గుర్రాల సాలలు, ద్రాక్షతోటలు, ఆ వెనక బ్లూ రిడ్జ్ కొండలు.

1990 జనాభా లెక్కల నాటికి ఇక్కడున్నది 86 వేల మంది. 2020 నాటికి 4 లక్షల 20 వేలు దాటారు. 1990ల్లో ఇంటర్నెట్ కంపెనీలు డల్లెస్ చుట్టూ చేరడంతో పాడి పశువులు మేసిన పొలాలు కాలనీలైపోయాయి. ఆ కంపెనీల వెంట మనవాళ్లూ వచ్చారు. కౌంటీ జనాభాలో ఆసియా మూలాలున్నవాళ్లు నూటికి 20 మందికి పైనే ఉన్నారు, వాళ్లలో పెద్ద వాటా భారతీయులది. యాష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్ కాలనీల్లో సాయంత్రం నడకకు బయల్దేరితే తెలుగు వినపడకుండా ఇంటికి తిరిగి రావడం కష్టం. ఊళ్లో చుట్టాలకు ‘మావాడు వాషింగ్టన్‌లో ఉంటాడు’ అని చెప్పుకునే ఇళ్లలో చాలావాటి అసలు చిరునామా ఈ కౌంటీయే.

కుటుంబ ఆదాయం లెక్కన అమెరికాలో లౌడన్‌ది చాలా ఏళ్లుగా మొదటి వరుస. ఇక్కడ సగం కుటుంబాల సంపాదన ఏడాదికి లక్షా 70 వేల డాలర్ల పైనే. దేశం మొత్తమ్మీద ఆ సంఖ్య 80 వేల దగ్గర ఉంది. పేదరికపు రేటు నూటికి మూడు, నాలుగు మించదు. కాగితం మీద చూస్తే ఇక్కడ అన్నానికి వెతుక్కునేవాళ్లు ఉండకూడదు.

కానీ ఉన్నారు. కౌంటీ కేంద్రమైన లీస్‌బర్గ్‌లో లౌడన్ హంగర్ రిలీఫ్ అనే సంస్థ 1991 నుంచి ఉచితంగా సరుకులు ఇస్తోంది. మొదట్లో దాని పేరు ఇంటర్‌ఫెయిత్ రిలీఫ్. స్టెర్లింగ్, యాష్‌బర్న్ వాసులకు లింక్ అనే సంస్థ ఉంది. కౌంటీ దక్షిణాన, మనవాళ్లు ఎక్కువగా ఉండే వైపు, డల్లెస్ సౌత్ ఫుడ్ ప్యాంట్రీ నడుస్తోంది. స్టెర్లింగ్‌లోని ఆడమ్స్ సెంటర్ మసీదు కూడా సరుకులు పంచుతుంది. ప్యాంట్రీలనే ఈ ఉచిత సరుకుల కేంద్రాలు ఏ తుపానుకో, కరువుకో తెరిచినవి కావు. కౌంటీ సిరి పెరిగిన ఈ ముప్పై ఏళ్లలో ఇవీ దాంతోపాటే పెరిగాయి.

లీస్‌బర్గ్‌కే చెందిన ఒక పాత సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండిలేక అల్లాడిన ఐరోపాను నిలబెట్టిన మార్షల్ ప్లాన్ అందరికీ తెలిసిందే. ఆ జార్జ్ మార్షల్ ఇల్లు ఈ ఊళ్లోనే ఉంది. డొడోనా మేనర్ అంటారు, ఇప్పుడది మ్యూజియం. ఆకలి ఉన్నచోట శాంతి నిలవదని 1947లో లోకానికి చెప్పి, 1953లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషి స్థిరపడిన ఊళ్లో ఈరోజు బియ్యం, పాలు, గుడ్ల కోసం కార్లు బారులు తీరుతున్నాయి.

అవును, కార్లే. సరుకుల కోసం కారులో వచ్చినవాళ్లకు ఆకలేమిటని మన దగ్గర అడుగుతారు, అక్కడా అడుగుతారు. లౌడన్‌లో కారు లేకపోతే పనికి వెళ్లలేరు. మెట్రో రైలు 2022 నవంబరులో వచ్చింది, అదీ కౌంటీ తూర్పు కొస వరకే. బస్సు దొరికే కాలనీలు కొన్నే. కాబట్టి అద్దె తర్వాత కారు వాయిదా, బీమా, పెట్రోలు ఖర్చులు కట్టాకే మిగతావి. ఎవరూ వాయిదా వేయలేని బిల్లు అద్దె. ఎవరికీ తెలియకుండా తగ్గించుకోగలిగింది తిండి ఒక్కటే. అందుకే తల్లి రాత్రిభోజనం మానేస్తుంది, నెలాఖరులో పిల్లలకు నూడుల్సే రెండు పూటలా పెడుతుంది. ఇంటి ముందు పచ్చిక మాత్రం వారం వారం కోస్తారు, కోయకపోతే కాలనీ అసోసియేషన్ జరిమానా వేస్తుంది.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. స్టెర్లింగ్‌లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆయన విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పనిలో, ఆమె హోటల్ గదులు శుభ్రం చేసే పనిలో ఉన్నారనుకుందాం. ఇద్దరికీ గంటకు 17 డాలర్లు. వర్జీనియాలో 2025 కనీస వేతనం 12 డాలర్ల 41 సెంట్లు కాబట్టి ఇది తక్కువ జీతమేమీ కాదు. ఇద్దరూ సెలవన్నది లేకుండా వారానికి 40 గంటలు చేస్తే ఏడాదికి 70,720 డాలర్లు. పన్నులూ ఆరోగ్య బీమా పోగా నెలకు చేతికొచ్చేది 5 వేల లోపు. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్‌కు 2,200, చిన్నపిల్లను డేకేర్‌లో ఉంచితే 1,500, కారుకు 700, కరెంటూ ఫోన్లూ 250. మిగిలేది మూడు వందల చిల్లర. నలుగురి తిండికి నెలకు ఎంత కావాలో అమెరికా వ్యవసాయ శాఖ తానే లెక్కగట్టింది. అతి పొదుపుగా, అంతా ఇంట్లోనే వండుకున్నా 975 డాలర్లని 2025 లెక్క. అంటే వాళ్ల దగ్గర మిగిలింది అందులో మూడో వంతు.

మరి ప్రభుత్వం ఇచ్చే సాయమో? ఇక్కడే అసలు చిక్కు.

అమెరికాలో పేదరికపు గీతను మొలీ ఓర్షాన్‌స్కీ అనే ప్రభుత్వ ఉద్యోగిని 1960ల మొదట్లో గీశారు. సాంఘిక భద్రతా విభాగంలో పనిచేసేవారామె. అప్పటి సర్వే ప్రకారం మామూలు కుటుంబం సంపాదనలో మూడో వంతు తిండికి పోయేది. అతి చవక తిండికి అయ్యే ఖర్చును మూడుతో హెచ్చించి, ఇంతకు తక్కువొస్తే పేదవాళ్లని ఆమె లెక్క తేల్చారు. ఆనాటికి అది నిజాయతీ గల లెక్క. ఆ తర్వాత అద్దెలు, ఆసుపత్రి ఖర్చులు, డేకేర్ ఫీజులు ఆకాశానికి వెళ్లాయి, తిండి వాటా తగ్గింది. గీత మాత్రం ధరల పెరుగుదలకు తగ్గట్టు జరుగుతూ అదే లెక్కలో ఉండిపోయింది. పైగా అలాస్కా, హవాయి తప్ప మిగతా 48 రాష్ట్రాలకూ ఒకటే గీత. మిసిసిపీ పల్లెకూ లౌడన్‌కూ 2025లో నలుగురి కుటుంబానికి అదే 32,150 డాలర్లు. మిసిసిపీ పల్లెలో ఇల్లు దొరికే డబ్బుకు లౌడన్‌లో గది కూడా దొరకదు. అన్నం ఖర్చు నుంచి పుట్టిన కొలతే ఇప్పుడు అన్నం అందకుండా అడ్డుపడుతోంది.

ఫుడ్ స్టాంపులని ఇంకా చాలామంది పిలిచే స్నాప్ పథకానికి వర్జీనియాలో ఆదాయ పరిమితి ఆ గీతకు రెండింతలు. అంటే 2025 లెక్కన 64,300 డాలర్లు. మన లెక్కలోని దంపతులకు 6 వేల పైచిలుకు ఎక్కువొస్తోంది, కాబట్టి అర్హత లేదు. బడిలో తగ్గింపు ధర భోజనానికీ, పసిపిల్లల తల్లులకిచ్చే విక్ సరుకులకూ పరిమితి ఇంకా తక్కువ. గీత దిగువన ఉంటే కొంత సాయం అందుతుంది, లక్షన్నర వస్తే సాయం అక్కర్లేదు. ఈ రెండింటి మధ్యనున్నవాళ్లకు దిక్కు ప్యాంట్రీయే. లౌడన్‌లో ఆ మధ్య దూరం చాలా ఎక్కువ. విమానంలో సామాన్లు ఎక్కించేవాళ్లు, డేటా సెంటర్లకు కాపలా ఉండేవాళ్లు, పచ్చిక కోసేవాళ్లు, ముసలివాళ్లను చూసుకునే ఆయాలు, మనం శనివారం రాత్రి బిర్యానీ తెచ్చుకునే రెస్టారెంటు వంటింట్లో నిలబడేవాళ్లు. ఈ కౌంటీ నడిచేది వీళ్ల చేతుల మీద. వీళ్ల జీతాలు దేశం లెక్కకు సరిపోతాయి కానీ ఈ ఊరికి చాలవు.

ఇది ఒక్క లౌడన్ కథ కూడా కాదు. ఎలిజబెత్ నీబోన్, అలన్ బెరూబే అనే ఇద్దరు పరిశోధకులు 2013లో అమెరికా శివారు పేదరికం మీద పుస్తకం రాశారు. 2000 నుంచి 2011 మధ్య శివారు ప్రాంతాల్లో పేదలు 64 శాతం పెరిగారని, అప్పటికే నగరాల్లోకంటే శివార్లలోనే పేదలు ఎక్కువయ్యారని తేల్చారు. నగరంలో పేదలకు బస్సులు, క్లినిక్కులు, సాయం చేసే కార్యాలయాలు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉంటాయి. శివార్లను కట్టినవాళ్లు పేదలుంటారని అనుకోలేదు.

ప్యాంట్రీలో పని ఎలా సాగుతుందో దగ్గర్నుంచి చూస్తే గౌరవం కలుగుతుంది. సూపర్‌మార్కెట్లలో అమ్ముడుపోని కూరగాయలు, రొట్టెలు, మాంసం పొద్దున్నే వ్యాన్లలో వస్తాయి. బ్లూ రిడ్జ్ ఏరియా ఫుడ్ బ్యాంక్ గోదాముల నుంచి బియ్యం, బీన్స్, పాస్తా వస్తాయి. బళ్లలో, గుళ్లలో, చర్చిల్లో పోగుచేసిన డబ్బాలు అట్టపెట్టెల్లో వస్తాయి. వాటిని వేరు చేసేది వాలంటీర్లు, ఎక్కువగా రిటైరైనవాళ్లు, హైస్కూలు పిల్లలు. డబ్బాను చేతిలోకి తీసుకుని ముందు అంచు తడిమి చూస్తారు. పక్కన చిన్న సొట్ట ఉంటే పర్వాలేదు. పైఅంచు దగ్గరో అతుకు దగ్గరో సొట్ట పడితే మాత్రం చెత్తలోకే, ఎందుకంటే కంటికి కనపడని సందులోంచి క్రిములు దూరి లోపలి తిండి విషమవుతుంది. మూత ఉబ్బితే రెండో ఆలోచన లేదు. డబ్బా మీది తేదీ దాటినా చాలా సరుకులు నిక్షేపంగా ఉంటాయి, అవి పనికొస్తాయి. పసిపిల్లల పాలపొడి మాత్రం తేదీ ఒక్కరోజు దాటినా ఇవ్వరు. ఇంత జాగ్రత్తా పడేది రేపు ఆ డబ్బా తెరిచే మనిషి కోసం.

ఒకప్పుడు కట్టిన సంచీ చేతికిచ్చి పంపేసేవారు. చాలా ప్యాంట్రీలు ఇప్పుడు ఆ పద్ధతి మార్చుకున్నాయి. తోపుడు బండి ఇచ్చి, కొట్లో తిరిగినట్టు తిరగమంటారు. అరల మీద ఇంటికి ఎన్ని తీసుకోవచ్చో రాసి ఉంటుంది. ఇది చిన్న మార్పు కాదు. పంది మాంసం తిననివాళ్లు ఆ డబ్బా తీసుకోనక్కర్లేదు, శాకాహారులు ట్యూనా చేప బదులు శనగలు తీసుకుంటారు, చక్కెర జబ్బున్నవాళ్లు తమకు పనికొచ్చేది ఏరుకుంటారు. తాము తినేది తామే ఎంచుకున్నప్పుడు అవతలి మనిషి ముందు చేయి చాచినట్టు ఉండదు.

లౌడన్ పడమటి పొలాలు కూడా ఈ పనిలో చేయి వేశాయి. పర్సెల్‌విల్ దగ్గర 150 ఎకరాల్లో జేకే కమ్యూనిటీ ఫామ్ 2018 నుంచి రసాయనాలు వేయకుండా కూరగాయలు పండిస్తోంది. పండిందంతా ప్యాంట్రీలకే, గింజ కూడా అమ్మరు. నాట్లకూ కోతలకూ కంపెనీల ఉద్యోగులు, స్కూలు పిల్లలు వచ్చి వంగి పనిచేస్తారు. ప్యాంట్రీ అంటే డబ్బాల తిండి అనుకునే రోజుల్లో పొద్దున కోసిన ఆకుకూర మధ్యాహ్నానికల్లా ఒక బీద ఇంటికి చేరడం మాటల్లో చెప్పలేనంత మంచి సంగతి.

మనవాళ్ల విషయానికొద్దాం. ఫుడ్ డ్రైవ్‌లలో తెలుగువాళ్లు ముందుంటారు. సంఘాలు డబ్బాలు పోగుచేసి ప్యాంట్రీలకు అప్పగిస్తాయి, ఫొటోలు మన పత్రికల్లోనూ వస్తాయి. డొక్కా సీతమ్మ పేరు చెప్పుకునే జాతికి అన్నం పెట్టడం ఎలాగో ఎవరూ నేర్పనక్కర్లేదు. తీసుకోవాల్సి వచ్చినప్పుడే మనకు చేతకాదు. లంకల గన్నవరంలో ఆవిడ వాకిట్లోకి వేళకాని వేళ వచ్చినవాణ్ని ‘నీకెందుకింత ఖర్మ’ అని ఎవరూ నిలదీయలేదు. అమెరికాలో మనవాళ్లు అదే ప్రశ్న తమకు తామే వేసుకుని ప్యాంట్రీ గుమ్మం దగ్గరిదాకా వచ్చి వెనక్కి పోతారు. ‘మనవాళ్లెవరైనా చూస్తే ఏమనుకుంటారో’ అన్న మాట నోట్లోంచి రాకపోయినా కాళ్లకు అడ్డం పడుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి నోరు రానివాళ్ల కడుపు సంగతి ఏ లెక్కలోకీ రాదు.

మనవాళ్లకు ఆ అవసరం ఎందుకొస్తుందంటారా? ఉద్యోగం పోతే హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు గడువు 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా సర్దుకుని బయల్దేరాలి. లౌడన్‌లో ఇళ్ల ధరలు 7 లక్షల డాలర్లు దాటాయి, ఇంటి వాయిదాయే నెలకు నాలుగైదు వేలు. రెండు జీతాల మీద కొన్న ఇంట్లో ఒక జీతం ఆగితే రెండో నెలకే తెలిసిపోతుంది. ఆ వీసాల మీద ఉన్న పెద్దవాళ్లకు స్నాప్ రాదు. గ్రీన్ కార్డు వచ్చినా పెద్దవాళ్లు ఐదేళ్లు ఆగాలి. ఇక విద్యార్థులు. పక్కనే ఫెయిర్‌ఫాక్స్‌లో ఉన్న జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో మన పిల్లలు చాలామంది చదువుతున్నారు. అక్కడ విద్యార్థుల కోసం పేట్రియట్ ప్యాంట్రీ ఉంది. అప్పు చేసి పంపిన తండ్రికి ‘బాగానే తింటున్నా నాన్నా’ అని వీడియో కాల్‌లో చెప్పే పిల్లలు అక్కడినుంచి సరుకులు తెచ్చుకుంటే తప్పేమీ లేదు. వాళ్లకోసమే తెరిచారు దాన్ని.

సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకు ఎసరొస్తుందన్న భయం ఇంకొకటి. 2020లో అలాంటి నిబంధన కొంతకాలం అమల్లోకి వచ్చింది, 2021లో రద్దయింది. 2025 నవంబరులో నిబంధనలను మళ్లీ మార్చే ప్రతిపాదన వచ్చింది. నిబంధన ఏమైనా వాట్సాప్‌లో భయం మాత్రం ఒకటే వేగంతో తిరుగుతుంది. ఒక్కటి గట్టిగా చెప్పాలి: చర్చిలూ స్వచ్ఛంద సంస్థలూ ఇచ్చే సరుకులు ప్రభుత్వ నగదు సాయం కావు.

2025 శరత్కాలంలో లౌడన్‌కు ఈ సంగతులన్నీ ఒకేసారి అనుభవానికి వచ్చాయి. అక్టోబరు 1న ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. నవంబరు 12 దాకా 43 రోజులు తెరుచుకోలేదు, అమెరికా చరిత్రలో అప్పటిదాకా అంత పొడవైన మూత లేదు. డల్లెస్‌లో విమానాలను దింపే కంట్రోలర్లు, ప్రయాణికుల సామాన్లు తనిఖీ చేసే ఉద్యోగులు జీతం లేకుండా పనిచేశారు. అంతకు ముందే ఆ ఏడాది ఫెడరల్ ఉద్యోగాలకు, కాంట్రాక్టులకు పెద్ద కోతలు పడ్డాయి. ప్రభుత్వోద్యోగులకు ఆగిన జీతం తర్వాత వచ్చేలా 2019లో చట్టం చేశారు. కాంట్రాక్టు కంపెనీల ద్వారా ప్రభుత్వ కంప్యూటర్ పనులు చేసేవాళ్లకు ఆ చట్టం వర్తించదు. అక్కడి మన తెలుగువాళ్లలో చాలామంది చేసేది అలాంటి పనే. వాళ్లకు పోయిన రోజులు పోయినట్టే.

నవంబరు 1న దేశమంతటా 4 కోట్ల 20 లక్షల మందికి స్నాప్ డబ్బు ఆగింది. ఆ పథకం పుట్టాక అలా జరగడం అదే మొదటిసారి. వర్జీనియా తన సొంత ఖజానాలోంచి తీసి వారాల లెక్కన సాయం పంపిణీ చేసింది, అందుకు మెచ్చుకోవాలి. ప్యాంట్రీలకు అదే ఏడాది ఇంకో దెబ్బ తగిలింది. స్థానిక రైతుల దగ్గర సరుకు కొని బళ్లకూ ఫుడ్ బ్యాంకులకూ ఇచ్చే రెండు పథకాలను వ్యవసాయ శాఖ మార్చిలోనే ఆపేసింది. రెండూ కలిపి వంద కోట్ల డాలర్ల పైమాట. ఒక పక్క వచ్చేవాళ్లు పెరుగుతున్నప్పుడే ఇంకో పక్క సరుకు తగ్గింది. నిన్నటిదాకా డబ్బాలు ఇచ్చిన చేతులే ఆ నెలల్లో తోపుడు బండి పట్టుకున్నాయి.

ప్యాంట్రీల్లో పనిచేసేవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అయితే గంటకు 17 డాలర్లిచ్చే యజమానికీ, 2,200 అడిగే ఇంటి యజమానికీ మధ్యనున్న లోటును దానధర్మాలతో పూడ్చడం ఎన్నాళ్లు? డేటా సెంటర్ల పన్నుతో లౌడన్ ఖజానా నిండుగా ఉంది. తక్కువ జీతాలవాళ్లకు ఇళ్లు కావాలని కౌంటీ 2021లో ఒక ప్రణాళికను ఆమోదించింది కూడా. అపార్ట్‌మెంట్లు వస్తాయంటే ట్రాఫిక్ పెరుగుతుందని, స్కూళ్లు కిక్కిరిసిపోతాయని సమావేశాలకు వెళ్లి వద్దనేది మాత్రం ఇళ్లున్నవాళ్లే. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. డిసెంబరులో ప్యాంట్రీకి డబ్బాలిచ్చి, మార్చిలో ఆ డబ్బా తీసుకున్న కుటుంబానికి ఇల్లు రాకుండా అభ్యంతరం చెప్పడం సరికాదు. సరుకులిచ్చే చేయి ఆ సమావేశాల్లో ఇళ్ల పక్షాన కూడా లేవాలి.

అక్కడున్న మన పాఠకులకు కొన్ని సంగతులు. వర్జీనియాలో ఎక్కడున్నా 211కు ఫోన్ చేస్తే దగ్గర్లోని ప్యాంట్రీ ఏదో, ఏ వేళల్లో తెరుస్తారో చెబుతారు. ప్యాంట్రీలు సాధారణంగా అడిగేది ఎక్కడుంటారు, ఇంట్లో ఎందరు అన్నవే, వీసా వివరాలు కావు. విక్ సరుకులకూ బడి భోజనానికీ వలస హోదాతో పనిలేదు, ఆదాయం సరిపోతే చాలు. అమెరికాలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల వీసా ఏదైనా స్నాప్ కోసం దరఖాస్తు చేయవచ్చు. సబ్బులు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు స్నాప్ డబ్బుతో కొనడానికి వీల్లేదు కాబట్టి ప్యాంట్రీల్లో వాటికెప్పుడూ కొరతే. ఇవ్వదలచినవాళ్లు అవి కూడా ఇవ్వవచ్చు. నగదు ఇస్తే ప్యాంట్రీ టోకు ధరకు ఎక్కువ సరుకు కొంటుంది. డబ్బాలే ఇస్తామంటే ఆ వారం వాళ్లకేం కావాలో ముందు కనుక్కోండి. దక్షిణాది కుటుంబాలు వచ్చే ప్యాంట్రీ అయితే మూసిన ప్యాకెట్లలో కందిపప్పు, సోనామసూరి బియ్యం తీసుకుంటారేమో కూడా అడగండి.